షికాగోలో అసలైన లిథువేనియా సాసేజ్ ఎలా వెతకాలి?

లిథువేనియా వదిలి వచ్చినవాళ్లు ఎక్కువగా స్థిరపడిన నగరాల్లో షికాగో ఒకటి. 1865లో మొదలై 1971లో మూతపడిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ కబేళాల్లో పనికోసం వాళ్లు వేలాదిగా వచ్చారు. అందుకే ఆ వంట ఇప్పటికీ ఈ నగరంలో ఉంది. మామూలు సూపర్‌మార్కెట్‌లో మాత్రం కనిపించదు, వెతుక్కోవాలి.

ముందు పేరు నేర్చుకోండి

'లిథువేనియన్ సాసేజ్' అని అడిగితే చాలాసార్లు కీల్బాసా అనే పోలిష్ సాసేజ్ చేతిలో పెడతారు. నాకూ మొదటిసారి అదే జరిగింది. అదీ బాగానే ఉంటుంది, కానీ నేను వెతికిన రుచి అది కాదు. వాళ్ల భాషలో సాసేజ్‌ని 'దెష్ర' అంటారు. పచ్చిదా, పొగబెట్టినదా అన్నది కూడా చెప్పాలి. పొగబెట్టినదైతే 'రూకిత'. పచ్చి దెష్రలో పంది మాంసం మెత్తని ముద్దలా కాకుండా బరకగా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు, ఆల్‌స్పైస్ అనే ఎండు కాయల మసాలా వేస్తారు. చాలామంది మరువం కూడా కలుపుతారు. మనం పూలమాలలో కట్టే మరువమే! ఆ వాసన తగిలితే సరైన చోటికి వచ్చామని నాకు నమ్మకం కుదురుతుంది.

'స్కిలాందిస్' వేరే సంగతి. వెల్లుల్లి, మిరియాలు పట్టించిన మాంసాన్ని పంది పొట్టలోనో మూత్రాశయంలోనో కూరి, చల్లటి పొగలో ఉంచి, నెలల తరబడి ఆరబెడతారు. పల్చగా కోసుకుని రై ధాన్యంతో చేసే నల్ల రొట్టెతో తినాలి. ఖరీదు ఎక్కువ కాబట్టి మొదటిసారి కొంచెమే కొనండి.

తర్వాత, మనుషులు ఎటు వెళ్లారో చూడండి

పాత లిథువేనియన్ పేటలు బ్రిడ్జ్‌పోర్ట్, మార్కెట్ పార్క్ (Marquette Park). మార్కెట్ పార్క్‌లో 69వ వీధికి 'లిథువేనియన్ ప్లాజా' అన్న పేరు కూడా ఉంది. ఆ కుటుంబాల్లో చాలా మంది నైరుతి శివార్లకు వెళ్లిపోయారు కాబట్టి పాత చిరునామాలు పట్టుకుని తిరిగితే నిరాశే. ఆర్చర్ అవెన్యూ వెంబడి వెతకండి. అక్కడి రేసిన్ బేకరీ లిథువేనియన్ రొట్టెలకు పేరున్నది. పులాస్కీ రోడ్డులో బాల్జేకస్ మ్యూజియం ఉంది. సంస్కృతి చూసినట్టూ అవుతుంది, మంచి దుకాణం ఎక్కడుందో అడిగినట్టూ అవుతుంది.

నైరుతి శివార్లలోని లెమాంట్ అనగానే షికాగో తెలుగువాళ్లకు గుర్తొచ్చేది రామాలయం. లిథువేనియన్ వరల్డ్ సెంటర్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. శనివారం పిల్లల బడి, ఆదివారం ప్రార్థన ఉంటాయి కాబట్టి వారాంతంలో వెళ్తే మనుషులు దొరుకుతారు. 'లాబస్' అని పలకరించి, 'దెష్ర ఎవరి దగ్గర కొంటారు?' అని పెద్దవాళ్లను అడగండి. ఇంటర్నెట్ వెతుకులాట కంటే ఇదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

లిథువేనియా నుంచి వచ్చే స్నేహితులను తెమ్మనకండి. 2014 నుంచి అక్కడ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు ఉంది. ఎయిర్‌పోర్టులో పంది మాంసం తీసేసుకుంటారు, వాళ్లకు అనవసర టెన్షన్.

క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు కనీసం వారం ముందే ఆర్డర్ చెప్పండి. క్రిస్మస్ ముందు రాత్రి 'కూచోస్' విందులో మాంసం ముట్టరు, 12 రకాలు పెడతారు. మర్నాడు మాత్రం దెష్ర కోసం గిరాకీ ఎక్కువ.

ఇంట్లో పోర్క్ తినని వాళ్లుంటే 'వర్ష్కే' కూరిన త్సెపెలినయ్ తీసుకోండి. వర్ష్కే అంటే మన పనీర్‌లాంటి పాల విరుగుడు. త్సెపెలినయ్ అంటే తురిమిన బంగాళాదుంపలతో చేసే పెద్ద ఉండలు. పైన బేకన్ ముక్కలు చల్లడం అలవాటు కాబట్టి వద్దని ముందే చెప్పాలి.

వండేటప్పుడు తొందరపడకండి

పచ్చి దెష్రను గలగలా మరిగే నీళ్లలో వేస్తే పై తొడుగు చిట్లి రసమంతా నీళ్లపాలవుతుంది. ఉల్లిపాయ, బిర్యానీ ఆకు వేసిన నీళ్లలో పెట్టి, మరగకుండా సన్నటి సెగ మీద ఉడికించండి. లోపల 71 డిగ్రీల సెల్సియస్ వేడి రావాలి. చిన్న థర్మామీటర్ ఉంటే అనుమానం ఉండదు. తర్వాత పెనం మీద కొంచెం నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. పులిసిన క్యాబేజీ, ఆవాల ముద్ద పక్కన పెట్టుకుని వేడిగా తినాలి. ఉడికించిన నీళ్లు పారబోయకండి, క్యాబేజీని అందులోనే మగ్గించండి.