ల్యాబ్ బెంచ్ మీదే జూపిటర్ నోట్‌బుక్ నడుపుకోవడం ఎలా

ప్రోటీన్ ఎక్స్‌ప్రెషన్, అంటే బ్యాక్టీరియాతో ప్రోటీన్ తయారుచేయించే పని, చేసేవాళ్ళకి తెలిసిందే, షేకర్‌లోంచి ఫ్లాస్క్ తీసి ఓడీ (బ్యాక్టీరియా ఎంత చిక్కగా పెరిగిందో చెప్పే రీడింగ్) చూడటం, టిష్యూ పేపర్ మీదో గ్లవ్ మీదో రాసుకోవడం, సాయంత్రం సీటు దగ్గరికెళ్ళి ఎక్సెల్‌లో కొట్టడం. కానీ ఐపీటీజీ (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) ఎప్పుడు వెయ్యాలో కల్చర్, అంటే ఫ్లాస్క్‌లోని బ్యాక్టీరియా, పెరుగుతున్నప్పుడే తేలాలి కదా, అందుకే లెక్క కూడా అక్కడే జరగాలి.

ల్యాబ్‌లో ఒక కంప్యూటర్, ఒక పాత ట్యాబ్, రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. కంప్యూటర్‌లో జూపిటర్ ల్యాబ్ (బ్రౌజర్‌లోనే నోట్‌బుక్‌లా పైథాన్ కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకోండి, ఫ్రీనే. మామూలుగా అది ఆ మెషీన్‌లో మాత్రమే తెరుచుకుంటుంది, సెట్టింగ్స్‌లో ఐపీ మార్చి బయటి నుంచి రానివ్వాలి, పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా పెట్టండి ఎందుకంటే లోపలికొచ్చినవాళ్ళు మీ కంప్యూటర్‌లో ఏ కోడైనా నడిపేయగలరు. తర్వాత ట్యాబ్ బ్రౌజర్‌లో కంప్యూటర్ ఐపీ అడ్రస్, పక్కన పోర్ట్ 8888 కొడితే వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఐపీవై విడ్జెట్స్‌తో (నోట్‌బుక్‌లో బటన్లు, డబ్బాలు పెట్టే పైథాన్ లైబ్రరీ) అంకెలు కొట్టే రెండు డబ్బాలు పెట్టండి, టైమ్‌కి ఒకటి, ఓడీకి ఒకటి. రీడింగ్ ఎంటర్ చేసిన ప్రతిసారీ బ్లాంక్ (బ్యాక్టీరియా లేని ఉత్త మీడియం రీడింగ్) తీసేసి, ఓడీకి న్యాచురల్ లాగ్ కట్టి, చివరి మూడు నాలుగు పాయింట్లకి గీత ఫిట్ చెయ్యాలి. 0.693ని ఆ గీత స్లోప్‌తో భాగిస్తే డబ్లింగ్ టైమ్, అంటే కల్చర్ రెట్టింపవడానికి పట్టే సమయం. అది 30 నిమిషాలు, ఇప్పుడు ఓడీ 0.15 అనుకోండి, ఐపీటీజీ వెయ్యాల్సిన 0.6కి రెండు డబ్లింగ్‌లు కావాలి, అంటే ఇంకో గంట, ఈలోపు నిశ్చింతగా జెల్ పోసుకోవచ్చు! ఓడీ బాగా ఎక్కువైతే స్పెక్ట్రో (ఓడీ కొలిచే మెషీన్) తక్కువ చూపిస్తుంది, డైల్యూట్ చేసి చదివి ఎన్ని రెట్లో గుణించే డబ్బా కూడా పెట్టండి.

పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు తీసే రియాక్షన్) మాస్టర్ మిక్స్‌కీ, అంటే అన్ని ట్యూబులకీ కలిపి ఒకేసారి చేసుకునే మిశ్రమానికీ, ఇదే పద్ధతి, రియాక్షన్లు ఎన్నో ఇస్తే 10 శాతం ఎక్కువ కలిపి వాల్యూమ్‌లు చూపిస్తుంది.

జీన్ లిస్టులుంటే సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరవకుండా నేరుగా పాండాస్‌తో (టేబుల్స్ చదివే పైథాన్ లైబ్రరీ) చదవండి. ఎక్సెల్ మార్చ్1 లాంటి జీన్ పేర్లని తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది.

ట్యాబ్‌ని జిప్ కవర్‌లో పెట్టి 70 శాతం ఇథనాల్‌తో తుడవండి, ఎథిడియం బ్రోమైడ్ (జెల్‌లో డీఎన్ఏ కనపడటానికి వేసే ప్రమాదకరమైన రంగు) ముట్టిన గ్లవ్స్‌తో మాత్రం ట్యాబ్ జోలికి వెళ్ళొద్దు. రోజు చివర రీడింగ్‌లని ఫైల్‌లోకి రాసుకుని (లేకపోతే రీస్టార్ట్‌తో పోతాయి), కర్నల్ (వెనక కోడ్ నడిపే ఇంజన్) రీస్టార్ట్ చేసి, సెల్స్ (నోట్‌బుక్‌లోని కోడ్ గళ్ళు) అన్నీ పైనుంచి కిందికి ఒకసారి నడిపి, తేదీ, స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) పేరుతో సేవ్ చెయ్యండి, వరస తప్పి నడిపిన సెల్స్ ఉంటే ఆ తేడా అప్పుడే బయటపడుతుంది.