తక్కువ ఖర్చులో నీటిరంగులు – 4: కడప గాలిలో సముద్రపు ఆకాశం

పోయిన పాఠంలో ఆకాశానికి సాదా వాష్ వేయమన్నాను, అంటే నీళ్లలో కలిపిన రంగును కాగితమంతా ఒకే తీరుగా పరచడం. మీరు పంపిన బొమ్మల్లో చాలావాటికి ఆకాశం నిండా అడ్డచారలే. ప్రొద్దుటూరు నుంచి ఒకరు “నా చెయ్యి కుదరదు సార్, మానేస్తాను” అని రాశారు. మానేయకండి. తప్పు మీ చేతిది కాదు, నా పాఠానిది.

నేను వాష్ నేర్చుకున్నది చెన్నై దగ్గర ఇంజంబాక్కంలో. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన చోళమండలం కళాకారుల గ్రామం అక్కడే ఉంది. బాతిక్ (మైనం అద్ది రంగువేసిన) బట్టలు, చేతిపనులు అమ్ముకున్న డబ్బుతో చిత్రకారులే సముద్రం పక్కన నేల కొనుక్కున్నారు. దాన్ని చూద్దామని వెళ్లి, దగ్గర్లో గది అద్దెకు తీసుకుని ఎనిమిది నెలలు ఉండిపోయాను. పొద్దున చద్దన్నం, మూడు ట్యూబుల రంగు, నెలకు రెండు షీట్ల కాగితం. ఒక్కో షీటును ఎనిమిది ముక్కలు చేసేవాణ్ణి. ఆ తేమ గాలికి వాష్ తొందరగా ఆరేది కాదు. తీరిగ్గా ఒక గీత కింద ఇంకో గీత లాగేవాణ్ణి. ఆ తీరికనే మీకు పాఠంగా రాసేశాను. కడపలో ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే, రెండో గీత మొదలుపెట్టేలోపే మొదటిది ఆరుతుంది. ఆరిన అంచు మీద మళ్లీ రంగు పడితే చార తప్పదు.

దీనికి మన దగ్గరే ఒక సాధనం ఉంది: కడప బండ. పాలిష్ పట్టిన ముక్క, కాగితం కంటే కాస్త పెద్దది చాలు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) మందపాటి కాగితాన్ని ఐదు నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. బండ తడిపి, కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో తోస్తూ గాలి బుడగలు తీసేయండి. పైన నిలిచిన నీళ్లు నూలుబట్టతో అద్దండి. పాలిష్ బండ నీళ్లు పెద్దగా పీల్చదు కాబట్టి కాగితం అడుగున తడి నిలుస్తుంది. టేపు అక్కర్లేదు. ఎండలో కాగిన బండ మాత్రం వద్దు. రంగులో గ్లిజరిన్ చుక్క వేసినా నెమ్మదిగా ఆరుతుంది కానీ నాకది నచ్చదు, ఎక్కువైతే రంగు జిగటగా ఉండిపోతుంది.

బండకు తల వైపు ఒక పుస్తకం ఎత్తు పెట్టి, పైన అల్ట్రామెరైన్ నీలం చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా లాగండి. అడుగున ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) ఛాయ. అది నీలంలోకి పోతే ఆకుపచ్చగా మారుతుంది, మధ్యలో కాస్త తెలుపు వదలండి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. వాష్ సగం ఆరాక దాన్ని సరిచేయబోవడం. మీరు పంపిన బొమ్మల్లో కాలీఫ్లవర్ ఆకారపు మరకలన్నీ అలా వచ్చినవే. తడి కాగితం మొదట అద్దంలా మెరుస్తుంది. తర్వాత మెరుపు తగ్గి పట్టుబట్టలా అవుతుంది. ఆ దశలో నీళ్లున్న బ్రష్ తగిలితే, కొత్త నీళ్లు పక్కనున్న రంగును తోసుకుంటూ పోయి అంచున పోగేస్తాయి. చిన్న చుక్క చాలు. నుదుటి చెమట చుక్క పడి నాదొక మంచి బొమ్మ పోయింది. మేఘం కావాలని నీళ్లు చల్లినా అంతే. చార కనిపించిందని తుడవబోయినా అంతే: చార పోదు, మరక చేరుతుంది. బొమ్మ అంచున నిలిచిన నీటిబొట్టును వదిలేసినా, అది ఆరుతున్న కాగితంలోకి వెనక్కి పాకి మరక చేస్తుంది. దాన్ని పిండిన బ్రష్‌తో వెంటనే పీల్చేయాలి. మెరుపు ఉన్నంతసేపు దిద్దొచ్చు, అదీ కాగితం కంటే పొడిగా ఉన్న బ్రష్‌తోనే. మెరుపు తగ్గడం మొదలైందంటే చేతులు వెనక్కి తీసుకోండి. పూర్తిగా ఆరాక మళ్లీ తడిపి ఇంకో పొర వేసుకోవచ్చు.

సముద్రం గీత ఇప్పుడే వేయకండి. తడి కాగితం మీద దిగంతం చెదిరిపోతుంది.

అభ్యాసం: 22×30 అంగుళాల షీటును ఎనిమిది ముక్కలు చేయండి, ఒక్కోటి 11×7.5 వస్తుంది. ఒకే రోజు ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకు, రెండు గంటలకొకటి చొప్పున ఎనిమిది ఆకాశాలు వేయండి. నాలుగు బండ మీద, నాలుగు మామూలు అట్ట మీద, ఒకటి విడిచి ఒకటి. మెరుపు పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ప్రతిదాని వెనక పెన్సిల్‌తో రాయండి. పాడైనవి కూడా దాచండి, వచ్చే పాఠంలో వాటి కిందనే సముద్రం వేస్తాం.