ఉద్యోగం వదలకుండా పొడుల వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి?

ఉద్యోగం చేస్తూ ఇంట్లోంచి ఏదైనా అమ్మాలనుకుంటే పొడులతో మొదలుపెట్టండి. ఆవకాయ జోలికి పోవద్దు. ఏడాది సరుకంతా మామిడికాయల సీజన్‌లోనే పట్టాలి, పెట్టిన డబ్బు జాడీల్లో ఇరుక్కుంటుంది. కందిపొడి, కరివేపాకు పొడి అలా కాదు. ఆదివారం పొద్దున వేయించి, బాగా చల్లారాక మిక్సీ పడితే సాయంత్రానికి ప్యాకెట్లు సిద్ధం. వేడి మీద పట్టారంటే చెమ్మ చేరి పొడి ముద్ద కడుతుంది.

మందపాటి మూకుడు, మిక్సీ, కాటా, ప్యాకెట్ సీలింగ్ మిషన్ చాలు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని ప్యాకెట్ మీద వేయాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు పైసా ఇవ్వకండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి.

ఇవన్నీ ఎలాగోలా చేసేస్తారు. చాలామంది దెబ్బతినేది అపాయింట్‌మెంట్ లెటర్ దగ్గర. చేరిన రోజు సంతకం పెట్టి బీరువాలో పడేసిన ఆ కాగితం ముందు బయటికి తీయండి. రాతపూర్వక అనుమతి లేకుండా వేరే వ్యాపారం, ఉద్యోగం చేయకూడదనే షరతు చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది. అది చదవకుండా లోగో గీయించుకోవడం నాకు అస్సలు నచ్చదు.

షరతు ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఏం అమ్ముతున్నారో, సెలవు రోజుల్లోనే చేస్తారనీ, కంపెనీ పనికీ దీనికీ సంబంధం లేదనీ నాలుగు వాక్యాల్లో రాయండి. జవాబు వచ్చేదాకా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మొద్దు. మేనేజర్ టీ తాగుతూ “పర్లేదు, చేసుకో” అన్న మాట లెక్కలోకి రాదు. రేపు ఆయన మారిపోతే మీ చేతిలో ఏముంటుంది? జవాబు ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి.

“మా ఆవిడ పేరు మీద పెట్టేస్తా” అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆమే నిజంగా నడిపితే సరే, పని మీరు చేస్తూ పేరు ఆమెది పెడితే అది దాచడమే. కేంద్ర ప్రభుత్వోద్యోగులకైతే 1964 ప్రవర్తనా నియమావళి 15వ నియమం ఉంది: ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, ఇంట్లోవాళ్లు చేస్తున్నా ప్రభుత్వానికి తెలపాలి.

అనుమతి వచ్చినా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆర్డర్లు చూడొద్దు. మీ కింద పనిచేసేవాళ్లకు అస్సలు అమ్మొద్దు, కాదనలేక కొంటారు.

ఉద్యోగం మానేసి దూకితేనే కసి వస్తుందంటారు కొందరు. నేను ఒప్పుకోను. జీతం వస్తుంటేనే నాసిరకం పప్పు కొనాల్సిన అవసరం పడదు.

హైదరాబాద్‌లో ఉండి బెంగళూరు ఆర్డర్ ఒప్పుకునే ముందు ఆగండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే అమ్మకాలు ఎంత తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు ఎప్పటిలా జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 ఫారం వేయకండి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు అది పనికిరాదు.