పింగ్ ప్రోబ్ చెప్పే అంకె నిజమేనా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

పింగ్ అంటే అవతలి మెషీన్‌కు (టార్గెట్‌కు) చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం. ఆ పనిని పదే పదే చేసే ప్రోగ్రామే ప్రోబ్, దాని అంకెలతో గీసిందే లేటెన్సీ గ్రాఫ్. ఆ గ్రాఫ్‌లో కనిపించే ఆలస్యమంతా నెట్‌వర్క్‌ది కాదు. ప్రోబ్ నడిచే మెషీన్ చేసే జాప్యం, పేరుకు అడ్రస్ వెతకడానికి పట్టిన సమయం, అవతలి పరికరం తీరిక చూసుకుని జవాబివ్వడం, ఇవన్నీ అందులో కలిసి ఉండొచ్చు. కాబట్టి గ్రాఫ్ ఎర్రబడగానే లింకు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయకుండా ముందు ప్రోబ్‌నే అనుమానించండి. ఇక్కడి ఉదాహరణలు లినక్స్ మీద నడిచే ప్రొమీథియస్ బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్, స్మోక్‌పింగ్‌లకు సంబంధించినవి. (ప్రొమీథియస్ అంకెలు సేకరించి దాచే టూల్, బ్లాక్‌బాక్స్ దాని తరఫున పింగ్ కొట్టే ప్రోగ్రామ్. స్మోక్‌పింగ్ తానే పింగ్ కొట్టించి గ్రాఫ్ గీస్తుంది.) వేరే టూల్ వాడేవాళ్లకు సెట్టింగుల పేర్లు మారతాయి గానీ జబ్బులు ఇవే.

చేత్తో పింగ్ కొడితే వెళ్తుంది, ప్రోబ్‌లో మాత్రం అన్నీ ఫెయిల్

ఇది దాదాపుగా పర్మిషన్ సమస్యే. ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) ప్యాకెట్ పంపాలంటే మామూలుగా రా సాకెట్ (ప్యాకెట్‌ను ప్రోగ్రామే నేరుగా తయారుచేసి పంపే దారి) తెరిచే హక్కు కావాలి. సిస్టమ్‌తో వచ్చే పింగ్ కమాండ్‌కు ఆ ఏర్పాటు ముందే చేసి ఉంటుంది. మీ ప్రోబ్ వేరే యూజర్ పేరు మీద, వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తుంది కాబట్టి దానికి ఆ హక్కు రాదు. అంటే మీరు రూట్‌గా లాగిన్ అయి చేసిన టెస్ట్‌తో తేలేది ఏమీ లేదు. ముందు ప్రోబ్ లాగ్ చూడండి, పర్మిషన్ లేదన్న ఎర్రర్ అక్కడే దొరుకుతుంది.

ప్రోగ్రామ్ ఫైల్‌కు సెట్‌క్యాప్ కమాండ్‌తో నెట్ రా హక్కు (రా సాకెట్ తెరిచే హక్కు) ఇవ్వడం చాలామంది చేసే పని. పనిచేస్తుంది, కానీ తర్వాతి అప్‌గ్రేడ్‌లో ఫైల్ మారిపోగానే ఆ హక్కు కూడా పోతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా అన్నీ ఒకేసారి డౌన్ అన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. అదే హక్కును సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో యాంబియంట్ కేపబిలిటీగా (సర్వీస్ మొదలైనప్పుడల్లా దక్కే హక్కుగా) రాస్తే ఈ బెడద ఉండదు. ఇంకో దారి పింగ్ గ్రూప్ రేంజ్ అనే కెర్నల్ సెట్టింగ్. దాని డిఫాల్ట్ విలువ '1 0', అంటే ఏ గ్రూపుకీ అనుమతి లేదని. ప్రోబ్ గ్రూప్ నంబర్‌ను ఆ పరిధిలోకి తెస్తే రా సాకెట్ లేకుండానే పింగ్ వెళ్తుంది. కంటైనర్‌లో నడుపుతుంటే, భద్రత కోసం కేపబిలిటీలన్నీ తీసేసిన లైన్ ఏదైనా కాన్ఫిగ్‌లో ఉందేమో వెతకండి.

ఒక్క టార్గెట్ మాత్రమే డౌన్, దాని వెబ్‌సైట్ మాత్రం తెరుచుకుంటోంది

దారిలో ఎక్కడో ఫైర్‌వాల్ ఎకో రిక్వెస్ట్‌ను, అంటే పింగ్ పంపే ప్యాకెట్‌ను, ఆపుతోంది. విండోస్ మెషీన్లలోనూ, క్లౌడ్ సర్వర్ల సెక్యూరిటీ గ్రూపుల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది. ఊహించాల్సిన పని లేదు, రెండు చివర్లా టీసీపీడంప్ (వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టి ఐసీఎంపీ మాత్రమే చూడండి. రిక్వెస్ట్ అవతలికి చేరకపోతే తప్పు దారిలో ఉంది. చేరినా జవాబు బయల్దేరకపోతే తప్పు ఆ మెషీన్‌లో ఉంది. జవాబు బయల్దేరి మీకు రాకపోతే తిరుగుదారిని చూడాలి. ప్రోబ్ అడ్రస్ నుంచి వచ్చే ఐసీఎంపీ టైప్ 8 ను (ఎకో రిక్వెస్ట్‌ను) మాత్రం అనుమతించమని అడగండి. అది కుదరదంటే 443 పోర్టుకు టీసీపీ ప్రోబ్ పెట్టుకోండి. కనెక్షన్ తెరుచుకోవడానికి పట్టే సమయం కూడా ఒక రాకపోకే. అయితే ఆ అంకెను పింగ్ అంకెలతో ఒకే గ్రాఫ్‌లో పోల్చకండి.

టార్గెట్‌ను పేరుతో ఇచ్చారా? బ్లాక్‌బాక్స్ డిఫాల్ట్‌గా ఐపీవీ6 కే మొగ్గు చూపుతుంది. ఆ పేరుకు ఐపీవీ6 అడ్రస్ ఉండి, మీ ప్రోబ్ మెషీన్‌కు ఐపీవీ6 దారి లేకపోతే ప్రోబ్ ఫెయిల్ అవుతుంది. ఐపీవీ4 కు మారే ఫాల్‌బ్యాక్ అడ్రస్ దొరకనప్పుడే పనిచేస్తుంది, దారి లేనప్పుడు కాదు. బ్లాక్‌బాక్స్ కాన్ఫిగ్‌లోని మాడ్యూల్‌లో (ప్రోబ్ ఎలా చేయాలో చెప్పే భాగంలో) ఐపీవీ4 అని స్పష్టంగా రాసేయండి.

ఏ టార్గెట్ పడిపోయినా అన్నీ పచ్చగానే ఉన్నాయి

మీరు చూస్తున్న మెట్రిక్ తప్పు. ప్రొమీథియస్‌లో 'అప్' అనేది 1 ఉంటే ఎక్స్‌పోర్టర్ బతికే ఉందని మాత్రమే అర్థం. టార్గెట్ సంగతి ప్రోబ్ సక్సెస్ అనే మెట్రిక్ చెబుతుంది. అలర్టులు దాని మీద రాయాలి. అందులోనూ తేడా ఉంటే ప్రొమీథియస్ కాన్ఫిగ్‌లో లేబుళ్లను మార్చే రీలేబుల్ భాగం చూడండి. టార్గెట్ అడ్రస్ ముందు పారామీటర్‌లోకి, ఆ తర్వాత ఇన్‌స్టాన్స్ లేబుల్‌లోకి వెళ్లాలి. అసలు అడ్రస్ స్థానంలో ఎక్స్‌పోర్టర్ అడ్రస్ రావాలి, దాని డిఫాల్ట్ పోర్ట్ 9115. ఈ వరుస తప్పితే అంతా తారుమారే.

అన్ని టార్గెట్లకూ ఒకేసారి లేటెన్సీ ఎగిరింది

వేర్వేరు చోట్ల ఉన్న టార్గెట్లన్నీ ఒకే నిమిషంలో పాడవవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి ప్రోబ్, దాని మొదటి లింకు. దీన్ని తేల్చడానికి ప్రతి ప్రోబ్‌లోనూ మూడు టార్గెట్లు శాశ్వతంగా ఉంచుకోవడం మంచిది: 127.0.0.1, లోకల్ గేట్‌వే, గేట్‌వే దాటాక నమ్మకంగా జవాబిచ్చే ఒక సర్వర్. లూప్‌బ్యాక్ (127.0.0.1, అంటే ప్రోబ్ మెషీన్ తనకు తానే) అంకె ఒక మిల్లీసెకనులో చిన్న భాగమే ఉండాలి. అది కూడా ఎగిరిందంటే నెట్‌వర్క్‌కు సంబంధమే లేదు. సీపీయూ దొరక్క ప్రోబ్ ఆగుతోంది. వర్చువల్ మెషీన్ అయితే టాప్ కమాండ్‌లో స్టీల్ శాతం (మీ మెషీన్‌కు దక్కకుండా వేరే మెషీన్లకు పోయిన సీపీయూ వంతు) చూడండి. రోజూ ఒకే వేళకు వస్తుంటే ఆ వేళకు నడిచే బ్యాకప్‌ను చూడండి. లూప్‌బ్యాక్ బాగుండి గేట్‌వే ఎగిరితే కేబుల్, స్విచ్, వైఫై వంతు. అసలు ప్రోబ్‌ను వైఫై మీద పెట్టడమే తప్పు. మీరు కొలిచేది లింకును కాదు, గాలిలో వంతు కోసం వేచి ఉండటాన్ని.

పేర్లతో ఇచ్చిన టార్గెట్లు ఎగిరి, అడ్రస్‌తో ఇచ్చినవి నిలకడగా ఉంటే డీఎన్ఎస్ (పేరుకు అడ్రస్ చెప్పే వ్యవస్థ) నెమ్మదించింది. బ్లాక్‌బాక్స్‌లో ప్రోబ్ డ్యూరేషన్ అనే మెట్రిక్‌లో పేరు వెతికే సమయం కూడా కలుస్తుంది. లేటెన్సీ గ్రాఫ్‌కు ఐసీఎంపీ డ్యూరేషన్‌లోని ఆర్‌టీటీ (రాకపోకల సమయం) ఫేజ్ ఒక్కటే తీసుకోండి.

దీనికి ఉల్టా అనుమానం కూడా ఉంచుకోండి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు. అంటే 1,000 కిలోమీటర్ల దూరానికి రాకపోకలు 10 మిల్లీసెకన్ల లోపు అసాధ్యం. దూరాన ఉందనుకున్న టార్గెట్ 3 మిల్లీసెకన్లలో జవాబిస్తుంటే జవాబిచ్చేది అది కాదు. 8.8.8.8 లాంటి ఎనీకాస్ట్ (చాలా చోట్ల ఉన్న సర్వర్లు పంచుకునే) అడ్రస్‌లకు జవాబిచ్చేది దగ్గర్లో ఉన్న ఏదో ఒక సర్వర్.

ఒక రౌటర్‌కు ఎప్పుడూ కొంత లాస్, దాని వెనకున్న సర్వర్‌కు సున్నా

ఇది నిజమైన లాస్ (దారిలో ప్యాకెట్లు పోవడం) కాదు. ట్రాఫిక్ దాటించడమే రౌటర్ అసలు పని. తనకే వచ్చిన పింగ్‌లకు అది తీరికలో, అదీ ఒక పరిమితి వరకే జవాబిస్తుంది. ప్రోబ్ వేగాన్ని సగానికి తగ్గించి చూడండి. లాస్ తగ్గితే కారణం ఆ పరిమితే. టార్గెట్‌ను రౌటర్ నుంచి దాని వెనకున్న సర్వర్‌కు మార్చేయండి. ట్రేస్‌లో (దారిలోని రౌటర్ల జాబితాలో) మధ్య హాప్ దగ్గర కనిపించే లాస్ చివరిదాకా కొనసాగకపోతే దాన్నీ పట్టించుకోనక్కర్లేదు.

గ్రాఫ్ ప్రశాంతంగా ఉంది, యూజర్లు మాత్రం గగ్గోలు పెడుతున్నారు

అన్నిటికంటే చిక్కు ఇదే, ఎందుకంటే కారణాలు చాలా. మొదటిది శాంపిల్. బ్లాక్‌బాక్స్ ఒక్కో స్క్రేప్‌కు (ప్రొమీథియస్ అంకెలు అడిగే ప్రతిసారికి) ఒక్క పింగే పంపుతుంది. ప్రొమీథియస్ డిఫాల్ట్ నిమిషానికొకసారి. పది సెకన్ల అవాంతరం ఆ సందుల్లోంచి జారిపోతుంది. లాస్ కూడా ప్రతిసారీ 0 గానీ 100 గానీ. స్మోక్‌పింగ్ 300 సెకన్లకు 20 పింగ్‌లు పంపుతుంది కాబట్టి ఒకటి పోతే 5 శాతంగా కనిపిస్తుంది. వాయిస్ కాల్స్ కోసమైతే ముఖ్యమైన టార్గెట్లకు స్క్రేప్‌ను 5 సెకన్లకు తగ్గించండి. సగటుకు బదులు 95వ పర్సెంటైల్ (నూటికి 95 కొలతలు దాని లోపే ఉండే విలువ) గీయండి.

రెండోది సైజు. మామూలు పింగ్‌లో డేటా 56 బైట్లే, అది ఎంత ఇరుకు సందులోనైనా దూరిపోతుంది. 1,500 ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) ఉన్న లింకులో ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1,472 బైట్లు పంపి చూడండి. చిన్నది వెళ్లి పెద్దది ఆగితే సమస్య ఎంటీయూలో ఉంది. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. రెండు చివరల మధ్య సమానమైన దారులు అనేకం ఉన్నప్పుడు ఒకే టార్గెట్‌కు వెళ్లే పింగ్‌లు సాధారణంగా ఒకే దారి పడతాయి. పాడైన దారి ఇంకొకటైతే మీ ప్రోబ్‌కు అది ఎప్పటికీ కనపడదు. వేర్వేరు సోర్స్ పోర్టులతో వెళ్లే టీసీపీ ప్రోబ్ ఒకటి పక్కన పెడితే బయటపడుతుంది.

శాటిలైట్ లింకు, 100 శాతం లాస్

భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. రాకపోకలకే అర సెకను దాటుతుంది. స్మోక్‌పింగ్ పింగ్ కోసం వాడే ఎఫ్‌పింగ్ మామూలు మోడ్‌లో 500 మిల్లీసెకన్లే ఆగుతుంది. టైమౌట్‌ను (జవాబు కోసం ఆగే సమయాన్ని) 2,000 మిల్లీసెకన్లు చేయండి.

స్టెప్ మార్చాక స్మోక్‌పింగ్ లేవడం లేదు

స్మోక్‌పింగ్ అంకెలు దాచే ఆర్‌ఆర్‌డీ ఫైల్‌లో స్టెప్ (ఒక విడత కొలతకూ తర్వాతిదానికీ మధ్య వ్యవధి), పింగ్‌ల సంఖ్య పుట్టినప్పుడే స్థిరపడతాయి. కాన్ఫిగ్‌తో అవి సరిపోకపోతే స్మోక్‌పింగ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. పాత ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి తరలించి మళ్లీ స్టార్ట్ చేయండి, కొత్తవి అదే తయారు చేసుకుంటుంది. పాత చరిత్ర కొత్త గ్రాఫ్‌లో కనిపించదు కాబట్టి స్టెప్ ఎంత ఉండాలో టార్గెట్లు చేర్చకముందే తేల్చుకోండి.