గ్రావెల్ సైకిల్ కొనేముందు టైరు సందు చూడండి

కొంత తారు రోడ్డు, కొంత మట్టి బాట తొక్కడానికి గ్రావెల్ సైకిల్ కొంటున్నారా? బ్రాండు, రంగు తర్వాత. ముందు షాపులో వంగి, టైరుకీ ఫోర్కుకీ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళ భాగం) మధ్య, వెనక టైరుకీ ఫ్రేముకీ మధ్య ఎంత సందుందో చూడండి. 40 మిల్లీమీటర్ల టైరు వేశాక కూడా రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలి. వాన పడ్డాక నల్లరేగడి దారిలో దిగితే బురద ఆ సందులోనే పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది, అడుగు కదలదు. 32 మిల్లీమీటర్ల టైరు దగ్గరే ఆగిపోయే ఫ్రేము ఎంత తేలికగా ఉన్నా నేనైతే వద్దంటాను.

గేర్ల విషయానికొస్తే, ముందు పెడళ్ళ దగ్గరున్న చిన్న పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళుంటే వెనక పెద్ద పళ్ళ చక్రానికి కనీసం అన్ని ఉండాలి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు మోకాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

రిమ్ములు ట్యూబ్‌లెస్‌వేనా అని అడగండి. తుమ్మముల్లు దిగినా లోపల పోసే సీలెంట్ ద్రవం చిన్న రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పైగా గాలి తగ్గించుకోవచ్చు. 70 కిలోల మనిషికి 40 టైరులో 35 నుంచి 40 పీఎస్‌ఐ చాలు. రాయిలా గట్టిగా కొట్టిస్తే కంకర మీద చేతులు తిమ్మిరెక్కిపోతాయి.