ఎఫ్-1 మొదటి సెమిస్టర్: స్టేటస్ చేజారకుండా జాగ్రత్తలు

పాస్‌పోర్టులో ఎఫ్-1 (అమెరికా విద్యార్థి వీసా) పడగానే గండం గడిచిందనుకుంటారు. కానీ అమెరికాలో విద్యార్థిని నిలబెట్టేది వీసా కాదు, సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో తన పేరు మీద ఉండే రికార్డు. వీసా గడువు తీరిపోయినా ఆ రికార్డు యాక్టివ్‌గా ఉంటే చదువు సాగుతుంది. వీసా మీద ఇంకా నాలుగేళ్ళు మిగిలున్నా రికార్డు టెర్మినేట్ అయితే అక్కడ ఉండే హక్కు, అంటే స్టేటస్, పోతుంది. దాన్ని పాడుచేసుకోవడానికి నేరమేమీ చేయనక్కర్లేదు, ఒక తేదీ దాటిపోతే చాలు.

బయల్దేరే ముందు

ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) మీదున్న ప్రోగ్రామ్ ప్రారంభ తేదీకి 30 రోజులకన్నా ముందు ఎఫ్-1 మీద దేశంలోకి రానివ్వరు. టికెట్ చౌకగా ఉందని ఇంకా ముందుకు బుక్ చేసుకోకండి. ఆలస్యమయ్యేలా ఉంటే విమానం ఎక్కకముందే యూనివర్సిటీలో మీ రికార్డు చూసే అధికారికి (అందరూ డీఎస్ఓ అంటారు) మెయిల్ రాసి, తేదీ మార్చిన ఐ-20 తెప్పించుకోండి.

ఐ-20 మీద, ఐ-901 అనే సెవిస్ ఫీజు (350 డాలర్లు) రసీదు మీద, వీసా మీద సెవిస్ నంబరు ఒకటేనా అన్నది అక్షరం అక్షరం సరిచూడండి. రెండు మూడు అడ్మిషన్లు ఉన్నవాళ్ళకు ఇక్కడే చిక్కు. మొదటిసారి వెళ్ళేటప్పుడు వీసా మీద పేరున్న యూనివర్సిటీకే వెళ్ళాలి. ఒకదాని ఐ-20తో దిగి, వారం తర్వాత ఇంకోదానికి మారదామన్న ఆలోచన పైకి అన్నా, ఫోన్‌లో చాట్‌గా దొరికినా విమానాశ్రయం నుంచే వెనక్కి పంపే ప్రమాదం ఉంది. అధికారులకు ఫోన్ తెరిచి చూసే అధికారం ఉంది.

పాస్‌పోర్టు, మీరు కూడా సంతకం చేసిన ఐ-20, ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, డబ్బుకు ఆధారాలు, డీఎస్ఓ ఫోన్ నంబరు చేతి బ్యాగులోనే ఉండాలి. ఇమిగ్రేషన్ తనిఖీ జరిగేది చివరి ఊళ్ళో కాదు, అమెరికాలో మొదట దిగే విమానాశ్రయంలో. చెక్-ఇన్ సామాను కూడా అక్కడే తీసుకుని మళ్ళీ వేయాలి. అందుకే తర్వాతి విమానానికి కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. అబుదాబి, డబ్లిన్ మీదుగా వెళ్ళేవాళ్ళకు ఈ తనిఖీ విమానం ఎక్కకముందే జరుగుతుంది కాబట్టి ఆ వ్యవధి అక్కడ కావాలి.

నగదు 10,000 డాలర్లు దాటితే డిక్లేర్ చేయాలి. తీసుకెళ్ళడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. పవర్ బ్యాంకు క్యాబిన్ బ్యాగులోనే పెట్టండి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, అంటే 100 పరిమితిలోపే.

ఫీజు ఎవరు కడుతున్నారని అధికారి అడిగితే ఐ-20లో చూపిన నిధుల గురించే చెప్పండి. "అక్కడ పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటాను" అన్న జవాబు ఎంత నిజాయితీగా చెప్పినా మీకే ఎదురు తిరుగుతుంది. కాగితాల్లో ఏదైనా తక్కువైతే ఒక్కోసారి ఐ-515ఏ అనే ఫారం ఇచ్చి 30 రోజులకే లోపలికి పంపుతారు. అది చేతికొస్తే అదే రోజు డీఎస్ఓకి చెప్పాలి.

దిగిన మొదటి నెల

ముందుగా సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్‌లో ఐ-94, అంటే మీ ప్రవేశ రికార్డు, తెరవండి. క్లాస్ ఎఫ్-1 అని, గడువు చోట డి/ఎస్ (స్టేటస్ ఉన్నంత కాలం) అని ఉండాలి. బి-2 (సందర్శకుల వీసా) అనో, ఏదో ఒక తేదీ అనో పడితే విమానాశ్రయంలోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో సరిచేయించుకోవచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ తేదీయే మీ గడువుగా నిలిచిపోతుంది.

ఆ తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్. క్లాసులకు రిజిస్టర్ అవ్వడం వేరు, సెవిస్‌లో రిజిస్టర్ అవ్వడం వేరు. ప్రోగ్రామ్ మొదలైన 30 రోజుల్లోపు డీఎస్ఓ మీ రికార్డును యాక్టివ్ చేయాలి, దానికి మీ స్థానిక చిరునామా కావాలి. ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లోపు కొత్త చిరునామా ఇవ్వాలి. స్నేహితుల గదిలో రెండు వారాలుండి వేరే ఇంటికి మారినవాళ్ళు ఈ రెండో మార్పును మరిచిపోతుంటారు.

చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ టీకా రెండు డోసుల రుజువో, టీబీ పరీక్షో అడుగుతాయి. అవి లేకపోతే అకౌంట్ మీద హోల్డ్ పడుతుంది. హోల్డ్ ఉంటే కోర్సు తీసుకోలేరు, కోర్సు లేకపోతే క్రెడిట్లు తగ్గుతాయి. టీకా చీటీ స్టేటస్ దాకా లాక్కెళ్ళేది ఇలాగే.

క్రెడిట్లు

బ్యాచిలర్స్‌కు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు. మాస్టర్స్‌కు ఎన్నో యూనివర్సిటీయే చెబుతుంది, చాలాచోట్ల 9. ఈ లెక్కలో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటే, అంటే 3 క్రెడిట్లే చెల్లుతాయి. తొమ్మిదిలో ఆరు ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఫీజు తొమ్మిదికి కట్టినా ఫుల్‌టైమ్ కిందకు రారు.

సబ్జెక్టు కష్టంగా ఉందని ముందు డ్రాప్ చేసి తర్వాత డీఎస్ఓ దగ్గరకు వెళ్ళడం అన్నిటికన్నా చెడ్డ వరస. అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. చదువులో ఇబ్బంది అన్న కారణంతో తగ్గించుకునే వీలు ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు. అప్పుడు కూడా సగం లోడు ఉండాలి. అనారోగ్యమైతే లైసెన్సున్న డాక్టరు లేఖ కావాలి. ప్రొఫెసర్ "పర్లేదు, డ్రాప్ చెయ్" అన్నంత మాత్రాన అది అనుమతి కాదు; ఆయనకు సెవిస్‌తో పని లేదు.

పని

మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పని లేదు. క్యాంపస్‌లో తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అన్ని ఉద్యోగాలూ కలిపి. ఒక వారం 24, మరో వారం 16 చేసి సగటు 20 అంటే కుదరదు. పెట్రోల్ బంకులో నగదు జీతం, ఇంకొకరి పేరున్న డెలివరీ యాప్ ఖాతా, రెండూ అనధికార ఉద్యోగాలే. క్రెడిట్లు తగ్గినందుకు స్టేటస్ పోతే, మీ చేతిలో లేని కారణమని చూపగలిగితే, సాధారణంగా అయిదు నెలల్లోపు రీఇన్‌స్టేట్‌మెంట్‌కు (స్టేటస్ తిరిగి పొందడానికి) దరఖాస్తు చేసుకునే దారి ఉంది. అనధికారంగా పని చేసినవాళ్ళకు ఆ దారి మూసుకుపోతుంది.

"చేరిన రోజు నుంచే సీపీటీ (చదువులో భాగంగా బయట చేసే పని), క్లాసులకు రానక్కర్లేదు" అన్న ప్రకటన వినిపిస్తే దూరం జరగండి. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద 2011లో ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్ళకు జీపీఎస్ పట్టీలు వేశారు. మిషిగన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్‌ను అయితే ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపారు. 2019 జనవరిలో గుట్టు బయటపడింది. అక్కడ టీచర్లు లేరు, తరగతులు లేవు, కానీ ప్రభుత్వ ఆమోదిత స్కూళ్ళ జాబితాలో పేరు మాత్రం ఉంది. కాబట్టి జాబితాలో ఉందన్న ఒక్క మాటతో తృప్తిపడకండి. సరైన చోట కూడా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ (చదువుకు సంబంధించిన రంగంలో పని చేసే అనుమతి) రాదు.

మిగిలినవి

గంజాయి కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే, ఫెడరల్ చట్టంలో కాదు. ఇమిగ్రేషన్‌కు లెక్కలోకి వచ్చేది ఫెడరల్ చట్టమే. తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచని ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనమంటే అది మోసం, పెట్టేయండి. ఇల్లు చూడకుండా డిపాజిట్ పంపకండి. నలుగురు కలిసి సంతకం చేసిన లీజులో ఒకరు వెళ్ళిపోతే, అద్దె మొత్తం మిగతా ముగ్గురి మీద పడేలా రాసి ఉంటుంది చాలాసార్లు. సంతకానికి ముందే ఆ వాక్యం వెతకండి.

ఆదాయం లేకపోయినా మరుసటి ఏడాది జూన్ 15లోపు పన్నుల శాఖకు ఫారం 8843 పంపాలి. క్యాంపస్ జీతం వస్తే ఏప్రిల్ 15లోపు 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ వేయాలి. స్థానికులు వాడే మామూలు 1040 సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తప్పుడు రిటర్న్ అవుతుంది. శీతాకాలం సెలవుల్లో దేశం దాటాలనుకుంటే ఐ-20 రెండో పేజీలో డీఎస్ఓ ట్రావెల్ సంతకం ఉండాలి. అది ఏడాది చెల్లుతుంది. డిసెంబరులో ఆ ఆఫీసు ముందు క్యూలుంటాయి, నవంబరులోనే తీసుకోండి.