బరువులెత్తుతున్నా కొవ్వు తగ్గడం లేదా? సమస్య - పరిష్కారం

తిరుపతిలో జిమ్ములో చేరిన రెండు మూడు నెలలకు దాదాపు ప్రతివారూ ఒకే ప్రశ్నతో నా దగ్గరికి వస్తారు: రోజూ ఇంతింత బరువులు ఎత్తుతున్నా ఒంట్లో కొవ్వు ఎందుకు తగ్గడం లేదు? కొన్నేళ్లుగా శిక్షణ ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ ప్రశ్న వెనుక ఉండే కారణాలు మరీ ఎక్కువేమీ కావు. అయితే ఏ లక్షణానికి ఏది కారణమో గుర్తించకుండా జిమ్ము మార్చడం, కొవ్వు కరిగిస్తుందని ఎవరో చెప్పిన పొడి డబ్బా కొనడం వల్ల డబ్బు తగ్గుతుంది గానీ నడుము తగ్గదు.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. 70 కిలోల మనిషి గంటసేపు మామూలుగా బరువులెత్తితే ఖర్చయ్యేది సుమారు 200 నుంచి 300 కేలరీలు, కిలో కొవ్వులో నిలవ ఉండేది దాదాపు 7,700 కేలరీలు. కాబట్టి కొవ్వును కరిగించే పని ప్రధానంగా కంచం దగ్గర జరుగుతుంది, బరువుల దగ్గర కాదు. మరి బరువులెందుకంటే, తిండి మాత్రమే తగ్గించినవారి ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది; తిండి తగ్గిస్తూ బరువులు కూడా ఎత్తేవారిలో కండ చాలావరకు నిలబడి, పోయేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే అవుతుంది. కింద చెప్పబోయే సమస్యల్లో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒకటి గాడి తప్పడం వల్ల వచ్చేవే. మొదటిది మాత్రం అసలు సమస్యే కాదు.

సమస్య: మొదటి నెలలో బరువు తగ్గకపోగా పెరిగింది

కారణం: నీరు. కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టిన కండరాలు తమలో గ్లైకోజెన్‌ను (ఒళ్లు దాచుకునే చక్కెర నిలవను) ఎక్కువగా నిలవ చేసుకుంటాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా చేరుతుంది. వ్యాయామం తర్వాత రెండు రోజుల పాటు కండరాలు పట్టేసినట్టు నొప్పిగా ఉంటాయి కదా, ఆ వాపులోనూ నీరే ఉంటుంది. ముందురోజు రాత్రి పెరుగన్నంలో ఆవకాయ కాస్త ఎక్కువ కలుపుకున్నా మర్నాడు కాటా ముల్లు పైకే చూపిస్తుంది. స్త్రీలలో నెలసరికి ముందు వచ్చే పెరుగుదల కూడా ఇలాంటిదే.

పరిష్కారం: రోజూ కాటా ఎక్కి దిగులు పడటం మాని, ఉదయం పరగడుపున చూసిన ఏడు రోజుల బరువులకు సగటు తీసి, ఆ సగటును గతవారం సగటుతో పోల్చండి. దానితో పాటు దర్జీ వాడే టేపును బొడ్డు మీదుగా, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలిన క్షణంలో చుట్టి సెంటీమీటర్లలో రాసుకోండి. కాటా కదలకుండా టేపు రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే మీ పని సరిగ్గానే సాగుతోందన్నమాట. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుమును పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైందనడానికి గుర్తుగా తీసుకుంటారు కాబట్టి, లక్ష్యం పెట్టుకోవడానికి కూడా కిలోల కంటే ఈ కొలతే మేలు.

సమస్య: నెలలు గడిచాయి, కాటా కదలలేదు, టేపూ కదలలేదు

కారణం: తక్కువ తింటున్నామని అనుకోవడమే తప్ప, నిజంగా తక్కువ తినకపోవడం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, ఒకప్పుడు నేనూ చిక్కుకున్నాను.

అన్నం మానేసి రాగిసంగటి తింటే ఒళ్లు తగ్గుతుందని చిత్తూరు వైపు గట్టి నమ్మకం ఉంది. రాగిలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది, ముద్ద తింటే కడుపు నిండుగా ఉండి త్వరగా ఆకలి వేయదు, ఇవన్నీ నిజమే. కానీ కేలరీల లెక్కలో రాగిపిండికీ బియ్యానికీ ఉన్న తేడా పదో వంతు మాత్రమే, పైగా సంగటిలో బియ్యపు నూక కూడా పడుతుంది. నేను రాత్రిపూట రెండు ముద్దలు తింటూ, అన్నం మానేశాను కదా అని నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఒకసారి వంటింటి తూకంతో అన్నీ తూచి చూశాను. అసలు దొంగ ముద్ద కాదు, ముద్ద నడుమ గుంట చేసి వేసుకునే చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి. నా వంతుకు పడుతున్న చెనిక్కాయలు 50 గ్రాములు, అంటే సుమారు 280 కేలరీలు. పైన ఇంట్లో ప్రేమగా పోసే నూనె ఒక పెద్ద చెంచా, అది మరో 120. ఒక్క ఊరిబిండితోనే 400 కేలరీలు ఒంట్లో చేరుతుండగా, నేను గంటసేపు ఎత్తిన బరువులు దానికి ఏ మూలకూ సరిపోలేదు.

ప్రసాదం సంగతి ఇంకొకటి. అలిపిరి దారిన 3,550 మెట్లు గానీ, శ్రీవారి మెట్టు దారిన 2,388 మెట్లు గానీ ఎక్కడం కాళ్లకూ గుండెకూ మంచి వ్యాయామమే. అయితే పండగకూ పబ్బానికీ ఊళ్ల నుంచి బంధువులు దిగే ఈ ఊరిలో, వచ్చినవారి వెంట కొండకు వెళ్లడం, ఇంట్లో డబ్బా నిండా లడ్డూలు ఉండటం ఏడాది పొడుగునా జరిగే వ్యవహారం. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోవడం వేరు, టీ తాగేటప్పుడల్లా అరముక్క తినడం వేరు. శనగపిండి, చక్కెర, నెయ్యి కలిసిన ఆ రెండోదాన్ని ఒళ్లు తిండిగానే జమ కడుతుంది.

పరిష్కారం: రెండు వారాలు, ఏమీ మార్చకుండా, తిన్నదంతా తూచి రాయండి. నూనెను చెంచాతో కొలవండి, సీసాతో వంచకండి. ఆ తర్వాత రోజుకు 400 నుంచి 500 కేలరీలు తగ్గించండి. రెండు ముద్దల చోట ఒక ముద్ద, మిగిలిన ఖాళీలో ఆకుకూర పప్పు గానీ ఉలవచారు గానీ కాస్త ఎక్కువ, ఊరిబిండి ఒక చెంచా: ఆ లోటు దాదాపుగా ఇక్కడే వచ్చేస్తుంది. వారానికి మీ బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా, అంటే 80 కిలోలవారికి 400 నుంచి 800 గ్రాములు తగ్గితే చాలు. ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే కేలరీల అంకెను నమ్మి దానికి తగ్గట్టు తినడం మాత్రం మానుకోండి.

సమస్య: బరువు తగ్గింది గానీ చేతులు సన్నబడ్డాయి, ముఖం పీక్కుపోయింది, పొట్ట అలాగే ఉంది

కారణం: పోయింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. పూటకు ఒక పండుతో సరిపెట్టి నెలలో ఎనిమిది కిలోలు తగ్గినవారిలోనూ, ప్రొటీన్ బొత్తిగా చాలనివారిలోనూ ఇలా జరుగుతుంది.

పరిష్కారం: తగ్గే వేగాన్ని ముందు చెప్పిన హద్దులోకి తెచ్చి, ఒక్కో కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా చూసుకోండి. 70 కిలోలవారికి ఇది 110 గ్రాములు. మూడు గుడ్లలో 18, వండిన 150 గ్రాముల చికెన్‌లో 45, రోజు మొత్తంలో పప్పు, గుగ్గిళ్ల రూపంలో తినే 100 గ్రాముల కందిపప్పు లేదా ఉలవల్లో 22, 300 గ్రాముల పెరుగులో 10, తక్కినది దోసె, సంగటి వంటి వాటిలో వస్తుంది. ధనుర్మాసంలో పితికిపప్పు దొరికే రోజుల్లో పని ఇంకా తేలిక. శనివారాలు నీచు ముట్టని ఇళ్లు, పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) అంతా మానేసే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి; ఆ రోజుల్లో గుడ్లూ చికెనూ ఇచ్చే 63 గ్రాములను 50 గ్రాముల సోయా ముక్కలు, 100 గ్రాముల పనీర్, ఒక స్కూపు వే ప్రొటీన్ కలిసి భర్తీ చేస్తాయి. వే ప్రొటీన్ అనేది పాల నుంచి తీసిన పొడి మాత్రమే, మందూ కాదు, విషమూ కాదు. తిండితోనే సరిపోతే దాని అవసరమే లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

సమస్య: తిండి సరిగ్గానే ఉంది, రోజూ చెమటలు కక్కుతున్నాను, ఒంటి తీరు మారడం లేదు

కారణం తెలుసుకోవడానికి నేను ముందుగా అడిగేది వారి నోటు పుస్తకం. చాలామందికి అది ఉండనే ఉండదు. ఈమధ్య ఒక కుర్రవాడు తెచ్చాడు. చెమటకు అంచులు వంకర తిరిగిన పేజీల్లో నాలుగు నెలల కిందటి తేదీ దగ్గరా స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం) 20 కిలోలు, 15 రెప్స్ (సార్లు) అని ఉంది, నిన్నటి తేదీ దగ్గరా అదే ఉంది. ఆ 20 కిలోలు ఒట్టి బార్ బరువే, దానికి ఒక్క ప్లేటు కూడా ఎక్కలేదు. మోయగలిగిన బరువునే మోస్తూ ఉంటే కండను నిలబెట్టుకోవాల్సిన అవసరం ఒంటికి కలగదు. చెమట కొలమానమే కాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరిలో బస్టాండులో నిలబడ్డా చెమట పడుతుంది.

పరిష్కారం: వారానికి మూడు రోజులు, ఒళ్లంతటినీ కలుపుకునే వ్యాయామాలు చేయండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టుకుని నిలబడటం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టడం), రోయింగ్ (బరువును పొట్ట వైపు లాగడం), భుజాల మీదుగా పైకెత్తే ప్రెస్ ఉంటే మిగిలినవి అలంకారాలే. ఒక్కొక్కటి మూడు సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 రెప్స్. సెట్టు ముగిసేసరికి ఇంకొకటో రెండో మాత్రమే చేయగలను అనిపించేంత బరువు ఎంచుకోండి. మూడు సెట్లలోనూ 12 పూర్తయిన రోజున, తర్వాతి సారికి రెండున్నర కిలోలు కలపండి. సెట్టుకూ సెట్టుకూ నడుమ రెండు నిమిషాల విరామం కావాలి. ఫోను చేతికి వస్తే అది పది నిమిషాలు అవుతుంది, ఈ జబ్బుకు మాత్రం నా దగ్గర మందు లేదు. తిండి తగ్గించిన కాలంలో ఎత్తే బరువు పెరగకపోయినా నిలబడితే చాలు, వారం వారం పడిపోతుంటే తిండి మరీ ఎక్కువ తగ్గించారని అర్థం.

సమస్య: పొట్ట కోసం రోజూ వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు లేపే వ్యాయామం) చేస్తున్నా పొట్ట తగ్గడం లేదు

ఏ భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలోనే కొవ్వు కరగడమనేది లేదు. కొవ్వు ఒళ్లంతటి నుంచీ పోతుంది, చాలామంది మగవారిలో పొట్ట దగ్గరిది చివరికి పోతుంది. వందను 15కు తగ్గించి, ఆ సమయాన్ని స్క్వాట్లకు ఇవ్వండి.

సమస్య: మగవాళ్లలా కండలు వస్తాయేమోనని భయం

ఆడవారు బరువులకు దూరంగా ఉండి ట్రెడ్‌మిల్‌కే పరిమితం కావడానికి ఇదే కారణం. కండలు పెంచే టెస్టోస్టిరాన్ అనే హార్మోను స్త్రీలలో పురుషుల కంటే ఎన్నో రెట్లు తక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన కరణం మల్లీశ్వరి పోటీ చేసింది 69 కిలోల విభాగంలో, ఎత్తింది రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలు. ఏళ్ల తరబడి అంతటి సాధన చేస్తే గానీ రాని బలం, వారానికి మూడు గంటలకు పొరపాటున వచ్చి పడదు.

సమస్య: స్క్వాట్లు మొదలుపెట్టాక మోకాళ్లో, నడుమో నొప్పి

కారణం సాధారణంగా తొందరపాటే. కూర్చునేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోవడం, మడమలు నేల నుంచి లేవడం, డెడ్‌లిఫ్ట్‌లో వెన్ను విల్లులా వంగడం: ఈ మూడింటినీ పక్క నుంచీ ముందు నుంచీ వీడియో తీసుకుని చూస్తే మీకే కనిపిస్తాయి. బరువును సగానికి దించి, భంగిమ సరిదిద్దుకున్నాకే మళ్లీ పెంచండి. నొప్పి పిరుదు నుంచి కాలి దాకా జాలుగా పాకినా, పాదం తిమ్మిరెక్కినా వ్యాయామం ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముకకు దెబ్బ అనగానే పుత్తూరు కట్టుకు బయలుదేరడం మన ప్రాంతపు అలవాటు, దాని మీద నమ్మకం ఉన్నవారిని నేను తప్పుపట్టను. కానీ వెన్ను విషయంలో లోపల ఏం జరిగిందో ఎక్స్‌రే, స్కానింగ్ చూసి తెలుసుకోకుండా పట్టీలు, కట్లు, మర్దనలకు వెళ్లడం మంచిది కాదు. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టి ఎత్తితే ఆ క్షణంలో రక్తపోటు బాగా పెరుగుతుంది కాబట్టి ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.

సమస్య: అన్నీ రాసి, తూచి, పాటిస్తున్నా ఎనిమిది వారాలుగా మార్పు లేదు

ముందు నిద్ర చూడండి. లాడ్జీల్లో, హోటళ్లలో, బస్సుల్లో రాత్రి డ్యూటీలు చేసేవారు ఈ ఊరిలో వేలల్లో ఉంటారు. నిద్ర నాలుగైదు గంటలకు పడిపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, బరువులెత్తే శక్తి తగ్గుతుంది. పగలైనా సరే గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోగలిగితే, వేరే మార్పు లేకుండానే కదలిక వచ్చినవారు నాకు తెలుసు. నిద్ర కూడా బాగున్నట్టయితే థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, నెలసరి సక్రమంగా లేని స్త్రీలు పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) కోసం చూపించుకోండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు తిండి తగ్గించి వ్యాయామం పెంచితే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు కాబట్టి, మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

సమస్య: పది కిలోల దాకా చక్కగా తగ్గి, అక్కడ ఆగిపోయింది

కారణం: మీరిప్పుడు పాత మనిషి కాదు. 90 కిలోల శరీరానికి లోటుగా ఉన్న తిండి 80 కిలోల శరీరానికి సరిపోయే తిండి అవుతుంది. దానికి తోడు తక్కువ తిన్న ఒళ్లు తెలియకుండానే పొదుపు మొదలుపెడుతుంది. ఇంతకు ముందు వీధి చివర దాకా నడిచినవారు బండి తీస్తారు, మెట్లు ఎక్కినవారు లిఫ్టు కోసం నిలబడతారు.

పరిష్కారం: రెండు వారాలు లోటు లేకుండా, పెరగకుండా, సరిపడా తిని కాస్త ఊపిరి తీసుకోండి; ఆ రోజుల్లో బరువులు మాత్రం ఆపవద్దు. తర్వాత కొత్త బరువుతో లెక్క వేసి 150 నుంచి 200 కేలరీలు తగ్గించండి, లేదంటే తిండిని అలాగే ఉంచి రోజూ అరగంట నడక కలపండి. సాయంత్రం ఎండ తగ్గాక కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా వెళ్లి రావడం అందుకు సరిపోతుంది.